మన ఊరి లెఫ్ట్ బ్యాక్

ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఉంటున్న తెలుగువాళ్ళం నెలకోసారి కలుస్తుంటాం. మొన్న కలిసినప్పుడు నేను మాట్లాడిన మాటలివి. ఫోన్‌లో రికార్డు చేసుకున్నది విని రాశాను, పెద్దగా మార్చలేదు.

అందరికీ నమస్కారం. ఈ ఊరి గురించి ఏదైనా చెప్పమన్నారు. యుద్ధకాలంలో శత్రువుల కోడ్‌లు విప్పిన బ్లెచ్లీ పార్క్ గురించి చెప్తానని చాలామంది అనుకున్నట్టున్నారు, దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ గదిలోనే ముగ్గురు ఉన్నారు. నేను ఒక మనిషి గురించి చెప్తాను. ఆయన పేరు డీన్ లూయింగ్టన్. ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఇద్దరు... మూడో చెయ్యి మా అబ్బాయిది, అది లెక్కలోకి రాదు. సరే, ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆర్సెనల్‌వాళ్ళున్నారు, మాంచెస్టర్ యునైటెడ్ ఓడిపోతే సోమవారం ఆఫీసుకి మొహం వేలాడేసుకుని వచ్చేవాళ్ళున్నారు, మరి మన ఇంటికి పది నిమిషాల దూరంలో, ఐకియా పక్కన, ఇరవై ఏళ్ళకు పైగా మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్ మిల్టన్ కీన్స్ డాన్స్ జెర్సీ ఒక్కటే వేసుకుని ఆడిన మనిషి పేరు ఇద్దరికే తెలుసు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను ఈ ఊరొచ్చింది 2008లో. అప్పటికి నాకు ఫుట్‌బాల్ అంటే టీవీలో చూసేదే. ఒక శనివారం ఐకియాకి వెళ్ళాం, మంచం కొనాలని. కొనుక్కుని బయటికొచ్చేసరికి రోడ్డంతా జనం, కార్లు కదలడం లేదు. ఏంటని చూస్తే పక్కనే స్టేడియం, మ్యాచ్ అప్పుడే అయిపోయింది. తర్వాత వారం ఆఫీసులో అడిగితే మా టీమ్‌లో ఒక పెద్దాయన, ఇక్కడివాడే, తన దగ్గర ఒక టికెట్ ఎక్కువుంది రమ్మన్నాడు. వెళ్ళాను. సీట్లన్నీ నల్లరంగు. అంత పెద్ద స్టేడియంలో సగం కూడా నిండలేదు, ఆ ఖాళీ నల్ల సీట్లని చూస్తే మొదట్లో కొంచెం దిగులేసింది. మేం కూర్చున్నది కింది వరసల్లో, గీతకి దగ్గరగా. ఆయన నాతో అన్న మాట నాకింకా గుర్తు: బంతిని చూడకు, ఆ మూడో నంబరువాణ్ణి చూడు, అరగంట అతన్నే చూడు.

ఆ మూడో నంబరు లూయింగ్టన్. లెఫ్ట్ బ్యాక్, అంటే రక్షణ వరసలో ఎడమవైపు చివరివాడు.

అరగంట అతన్నే చూడడం మొదట కష్టమైంది, కళ్ళు బంతి వెనకే పోతాయి. కానీ కాసేపయ్యాక ఒక సంగతి తెలిసొచ్చింది. బంతి అవతలి వైపు కుడిచివర ఉన్నప్పుడు కూడా ఈయన ఊరికే నిలబడి లేడు. తల తిప్పి వెనక్కి చూస్తాడు, రెండడుగులు లోపలికి జరుగుతాడు, మళ్ళీ వెనక్కి చూస్తాడు, చెయ్యి చాచి పక్కవాడికి ఏదో చూపిస్తాడు. ఎదుటి వింగర్, అంటే గీత వెంట దాడికి వచ్చేవాడు, పరుగు మొదలెట్టేలోపే ఈయన ఆ దారిలో ఉంటాడు. అంతే, అటువైపు పాస్ రాదు. ఇవ్వాల్సినవాడు తలెత్తి చూసి, అక్కడ జాగా లేదని ఇంకో వైపు ఇచ్చేస్తాడు. స్టేడియంలో ఎవ్వరూ చప్పట్లు కొట్టరు, ఎందుకంటే ఏమీ జరగలేదు కదా. డిఫెండర్ పనితనం అక్కడుంది. గోల్ కొట్టినవాడి వీడియో మనందరి ఫోన్లలోకీ వస్తుంది, రాకుండా ఆపిన పాస్‌ని ఏ కెమెరా చూపిస్తుంది? టీవీలో ఆట చూస్తే ఇది ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే కెమెరా బంతితోనే పోతుంది. గ్రౌండ్‌కి వెళ్ళి చూస్తేనే కనపడుతుంది.

ఇంకోటి. ఆయన ఎప్పుడూ చాలా వేగంగా పరిగెత్తే మనిషి కాదు. వేగంగా పరిగెత్తేవాళ్ళు ఎదురైనప్పుడు వాళ్ళ మీదికి దూకడు. ఒళ్ళు కాస్త పక్కకి తిప్పి, గీత వైపు దారి వదిలి, లోపలికి రానివ్వకుండా, వెనక్కి వెనక్కి నడుస్తూ వాణ్ణి మూలకి తీసుకుపోతాడు. కబడ్డీలో కార్నర్ ఆడినవాళ్ళు ఇక్కడుంటే వాళ్ళకి చెప్పక్కర్లేదు: రైడర్ మీద తొందరపడి పడిపోయావంటే పాయింటు పోయినట్టే, ఓపికపట్టి గీతదాకా తోసుకెళ్ళాలి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్తాను, ఎందుకంటే ఈయన కథ ఈ క్లబ్ కథతో కలిసిపోయింది, ఆ క్లబ్ కథ అంత తీయని కథ కాదు.

లూయింగ్టన్ పుట్టింది 1984లో, లండన్ పక్క కింగ్‌స్టన్‌లో. నాన్న రే లూయింగ్టన్ కూడా ఫుట్‌బాలరే. చెల్సీకి, ఫుల్‌హామ్‌కి ఆడాడు, తర్వాత రాయ్ హాడ్జ్‌సన్ ఇంగ్లండ్ జట్టు చూసుకున్న రోజుల్లో ఆయన పక్కన సహాయకుడిగా కనపడేవాడు, టీవీలో చూసే ఉంటారు. కొడుకు వింబుల్డన్ క్లబ్ కుర్రాళ్ళ జట్టులో పెరిగాడు. వింబుల్డన్ అంటే మనకి టెన్నిస్, కానీ 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచిన జట్టది. ఆ క్లబ్‌కి సొంత గ్రౌండ్ లేకుండా పోయింది, అప్పులు పెరిగాయి, చివరికి క్లబ్‌ని ఎత్తి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌లో పెడతామన్నారు. 2002 మేలో ముగ్గురు సభ్యుల కమిషన్ ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా దానికి ఒప్పుకుంది. అక్కడి అభిమానుల గుండె పగిలింది. ఊరి గుడి విగ్రహాన్ని ఇంకో ఊరికి పట్టుకుపోతే ఎలా ఉంటుందో అలాంటిదది. వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. వింబుల్డన్ కామన్‌లో, అందరూ నడిచే పార్కులో, ఆటగాళ్ళ కోసం ట్రయల్స్ పెట్టి ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్ మొదలుపెట్టారు, లీగ్‌ల నిచ్చెనలో తొమ్మిదో మెట్టు నుంచి. తొమ్మిదేళ్ళలో, 2011కల్లా, ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కి వచ్చారు. నేను మన ఊరి జట్టు వైపు మనిషిని, కానీ ఆ విషయంలో వాళ్ళ కోపం న్యాయమైందే అని ఈ వేదిక మీద నుంచి చెప్తున్నాను.

ఈ గొడవ మధ్యలో ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. 2003లో మొదటిసారి సీనియర్ జట్టుకి ఆడాడు. ఆ వేసవిలో క్లబ్ దివాలా దశకి వచ్చి నిర్వాహకుల చేతుల్లోకి పోయింది. అమ్ముడుపోయే ఆటగాళ్ళందర్నీ అమ్మేస్తున్నారు, కెప్టెన్ నైజెల్ రియో కోకర్‌ని కూడా వెస్ట్ హామ్‌కి అమ్మేశారు. డబ్బుల్లేవు, కాబట్టి కుర్రాళ్ళే ఆడాలి. 2003 సెప్టెంబర్‌లో మిల్టన్ కీన్స్‌లో మొదటి మ్యాచ్, బర్న్‌లీతో 2–2. అదీ ఫుట్‌బాల్ గ్రౌండ్ కాదు, సెంట్రల్ స్టేషన్ దగ్గరి నేషనల్ హాకీ స్టేడియం. ఇప్పుడక్కడ నెట్‌వర్క్ రైల్ పెద్దాఫీసు ఉంది, మనవాళ్ళు కొందరు అందులో పని చేస్తారు కూడా. ఆ సీజన్‌లో వింబుల్డన్ జట్టు తన డివిజన్‌లో అట్టడుగున నిలిచి కిందికి పోయింది. 2004 వేసవిలో పేరు మార్చారు, మిల్టన్ కీన్స్ డాన్స్ అని. వింబుల్డన్ పేరు మీద ఆయన లీగ్‌లో ఆడినవి 29 మ్యాచ్‌లు. మిగతా జీవితమంతా ఇక్కడే.

ఇంగ్లండ్ లీగ్ సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. పైన ప్రీమియర్ లీగ్, 20 జట్లు. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24, మొత్తం 72. ఈ 72లో ప్రతి జట్టూ లీగ్‌లో 46 మ్యాచ్‌లు ఆడాలి. శనివారం ఒకటి, చాలాసార్లు మంగళవారం రాత్రి ఇంకొకటి. జనవరిలో, వానలో, మూడు నాలుగు గంటలు బస్సులో పోయి ఆడి రాత్రి రెండింటికి ఇల్లు చేరి... అదీ ఆ జీవితం. బాగా ఆడితే పై మెట్టు, సరిగ్గా ఆడకపోతే కింది మెట్టు. మన రంజీ ఆటగాళ్ళని తలుచుకోండి, జీవితమంతా ఆడి ఒక్కసారి కూడా దేశం టోపీ పెట్టుకోనివాళ్ళు. వాళ్ళ ఆట తక్కువదా?

కాంట్రాక్టుల సంగతి కూడా చెప్పాలి. కింది డివిజన్లలో చాలామందికి ఏడాదో రెండేళ్ళో కాంట్రాక్టు, అది జూన్ 30తో అయిపోతుంది. మే నెలలో సీజన్ అయిపోగానే క్లబ్ ఒక జాబితా బయటపెడుతుంది, ఎవరు ఉంటున్నారు, ఎవర్ని వదిలేస్తున్నారు అని. ముప్ఫై దాటిన డిఫెండర్‌కి, ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఆ జాబితా ఎలా ఉంటుందో ఊహించండి. కాంట్రాక్టు రెన్యూవల్ టెన్షన్ ఏంటో, వీసా తేదీ దగ్గర పడుతుంటే నిద్ర ఎలా పట్టదో ఈ గదిలో అందరికీ తెలుసు. లూయింగ్టన్ చివరి ఏళ్ళన్నీ అలా ఏడాది ఏడాది కాంట్రాక్టులతోనే గడిచాయి.

ఆయన కాలంలో ఈ క్లబ్ మూడుసార్లు పైకెక్కింది: 2008, 2015, 2019. ఐదుసార్లు కిందపడింది: 2004, 2006, 2016, 2018, 2023. ఇంకో లెక్క ఉంది, ఇది నాకు బాగా బాధ కలిగించే లెక్క. నేరుగా పైకెక్కలేని జట్లకి ప్లే ఆఫ్ అని ఇంకో అవకాశం ఉంటుంది, సెమీఫైనల్ గెలిస్తే వెంబ్లీలో ఫైనల్. మన క్లబ్ ఆరుసార్లు సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ష్రూస్‌బరీ, స్కంథార్ప్, పీటర్‌బరో, హడర్స్‌ఫీల్డ్, వికోంబ్, క్రాలీ. ఆరుసార్లూ ఓడింది. 2024లో క్రాలీ చేతిలో అయితే రెండు మ్యాచ్‌లు కలిపి 8–1. రెండో మ్యాచ్ ఇక్కడే జరిగింది, మేం నలుగురం వెళ్ళాం, ఇంటికొచ్చేటప్పుడు కారులో ఎవ్వరం మాట్లాడుకోలేదు.

కానీ మంచి రోజులూ ఉన్నాయి, అవి చెప్పకపోతే తప్పు. 2007లో ఇప్పటి స్టేడియం తెరిచారు. ఆ మొదటి సీజన్‌లోనే పాల్ ఇన్స్ మేనేజర్‌గా లీగ్ టూ గెలిచారు, వెంబ్లీలో గ్రిమ్స్‌బీని 2–0తో ఓడించి చిన్న జట్ల ట్రోఫీ కూడా గెలిచారు.

2014 ఆగస్టు 26. ఈ తేదీ ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ చూసే ఎవర్నడిగినా చెప్తారు. లీగ్ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మన ఊరొచ్చింది. లూయీ వాన్ గాల్ వాళ్ళకి మేనేజర్‌గా కొత్తగా వచ్చిన రోజులు. సరిగ్గా అదే రోజున వాళ్ళు డి మరియాని దాదాపు 60 మిలియన్ పౌండ్లు పెట్టి కొన్నారు. వాళ్ళ జట్టులో చాలామంది కుర్రాళ్ళు, అది నిజమే, కానీ గోల్‌లో డి హేయా ఉన్నాడు, ముందు వెల్‌బెక్, హెర్నాండెజ్ ఉన్నారు. దాదాపు 27 వేల మంది వచ్చారు, ఆ నల్ల సీట్లు ఆ రోజు కనపడలేదు. 4–0. మనవాళ్ళు నాలుగు! విల్ గ్రిగ్ రెండు, బెనిక్ అఫోబే రెండు. అందరికీ ఆ నాలుగు గుర్తు. నాకు ఆ నాలుగు పక్కనున్న సున్నా గుర్తు. యునైటెడ్‌ని ఒక్క గోల్ కూడా కొట్టనివ్వని ఆ రక్షణ వరసలో ఎడమచివర మన మూడో నంబరు ఉన్నాడు.

ఆ రోజు మధ్యలో ఆడిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడి పేరు డెలీ ఆలీ. పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆరు నెలలకి టాటెన్‌హామ్ వాళ్ళు కొనుక్కున్నారు, ఇంకో మూడున్నరేళ్ళకి ప్రపంచ కప్ సెమీఫైనల్ ఆడాడు. లూయింగ్టన్ ఇక్కడే ఉన్నాడు. కుర్రాళ్ళు రావడం, ఎదగడం, అమ్ముడుపోవడం, మళ్ళీ కొత్త కుర్రాళ్ళు రావడం, ఈ చక్రం ఆయన ఎన్నిసార్లు చూసి ఉంటాడో. ప్రతిసారీ పక్కన నిలబడ్డ పంతొమ్మిదేళ్ళవాడికి ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ముందుకి వెళ్ళాలో మొదటి నుంచి చెప్పుకోవాలి. మనలో టీమ్ లీడ్‌గా చేసినవాళ్ళకి తెలుసు ఆ పని ఎంత అలుపో.

మేనేజర్లూ అంతే. రాబర్టో డి మాటియో ఇక్కడ ఒక సీజన్ ఉండి వెళ్ళాడు, 2012లో చెల్సీతో చాంపియన్స్ లీగ్ గెలిచాడు. కార్ల్ రాబిన్సన్‌కి జట్టు అప్పగించేనాటికి అతనికి 29 ఏళ్ళే, ఆరేళ్ళకు పైగా ఉన్నాడు. రసెల్ మార్టిన్ మొదట తోటి ఆటగాడిగా వచ్చి అదే ఏడాది మేనేజర్ అయ్యాడు. 2021 మార్చిలో ఈ జట్టు గిల్లింగ్‌హామ్ మీద 56 పాసుల తర్వాత ఒక గోల్ కొట్టింది, అది మార్టిన్ నేర్పిన ఆట. ఆ తర్వాత లియమ్ మానింగ్. మార్టిన్, మానింగ్ ఇద్దరూ వయసులో లూయింగ్టన్ కంటే చిన్నవాళ్ళు. మార్టిన్ వెళ్ళిపోయి మానింగ్ వచ్చేలోపు 2021 ఆగస్టులో కొన్ని రోజులు జట్టుని తాత్కాలికంగా నడిపింది కూడా ఈయనే. వచ్చిన ప్రతివాడూ కొత్త పద్ధతి అంటాడు. ఒకడు బంతిని పొడుగ్గా కొట్టమంటాడు, ఇంకొకడు గోల్‌కీపర్ దగ్గర నుంచే చిన్న చిన్న పాసులతో రమ్మంటాడు. ఈయన అన్నీ నేర్చుకున్నాడు. వయసు మీదపడి గీత వెంట పైకీ కిందకీ పరిగెత్తడం కష్టమయ్యాక, రక్షణ వరస మధ్యలో ఉండే ముగ్గురు సెంటర్ బ్యాక్‌లలో ఎడమవాడిగా మారాడు. ముప్ఫై ఐదేళ్ళ వయసులో కొత్త స్థానం నేర్చుకోవడమంటే, జావాలో పదిహేనేళ్ళు చేసినవాడు కూర్చుని మళ్ళీ మొదటి నుంచి ఇంకోటి నేర్చుకోవడం లాంటిది, కాకపోతే ఇక్కడ ఎనిమిది వేలమంది చూస్తుంటారు, తప్పు చేస్తే అరుస్తారు.

వెనక నుంచి ఎవరో రికార్డు సంగతి అడుగుతున్నారు, ఒకే క్లబ్‌కి అందరికంటే ఎక్కువ లీగ్ మ్యాచ్‌లు ఆడిన రికార్డు. వస్తున్నా, దానికోసం స్విండన్ వెళ్ళాలి.

స్విండన్ రైల్వే ఊరు. మన లాలాగూడ వర్క్‌షాప్ లాంటిది, ఇంకా చాలా పెద్దది, గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇంజన్లు తయారైన చోటు. ఆ ఊరి పక్కనే రౌటన్ అనే పల్లెలో 1943లో జాన్ ట్రోలోప్ పుట్టాడు. ఈయనా లెఫ్ట్ బ్యాకే. 1960 ఆగస్టులో, 17 ఏళ్ళ వయసులో స్విండన్ టౌన్‌కి మొదటి మ్యాచ్ ఆడాడు. అప్పటికి ఇంగ్లండ్‌లో ఏ ఫుట్‌బాలర్‌కైనా, ఎంత గొప్పవాడికైనా, వారానికి 20 పౌండ్లకి మించి జీతం ఇవ్వకూడదని రూలు. 1961 జనవరిలో దాన్ని ఎత్తేశారు. కాంట్రాక్టు అయిపోయినా క్లబ్ ఒప్పుకోకపోతే ఇంకోచోటికి పోలేని రోజులవి. అందుకే ఆ కాలంలో ఒకే క్లబ్‌లో ఉండిపోయినవాళ్ళు చాలామంది ఉండేవారు, కొందరికి ఇష్టమై, కొందరికి గతిలేక. కానీ ఆ తర్వాత రూళ్ళు సడలినా ట్రోలోప్ కదల్లేదు. మధ్యలో ఒక్కటి కూడా వదలకుండా వరసగా 368 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. వరసగా! జలుబు చేసినా, మడమ బెణికినా, ఇంట్లో ఏమైనా.

1969 మార్చి 15న వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్. ఒకవైపు ఆర్సెనల్, ఇంకోవైపు మూడో డివిజన్ స్విండన్. దానికి ముందు ఆ మైదానంలో గుర్రాల పోటీలు పెట్టారు, పైగా వానలు, నేలంతా బురద. చీలమండల దాకా దిగబడే బురద. 86వ నిమిషం దాకా స్విండన్ 1–0 ఆధిక్యంలో ఉంది, అప్పుడు ఆర్సెనల్ సమం చేసింది. అంతసేపు కాపాడుకున్నది చేజారితే ఆ వెనక వరసలోవాళ్ళకి ఎలా ఉంటుంది? కాళ్ళు బరువెక్కిపోయి, బురద అట్టకట్టి, ఇంకో అరగంట ఆడాలి. ఆ అరగంటలో స్విండన్ రెండు గోల్స్ కొట్టింది. రెండూ డాన్ రోజర్స్ కొట్టాడు, లెఫ్ట్ వింగర్. రెండోదానికి మైదానం సగం నుంచి ఒంటరిగా పరిగెత్తి గోల్‌కీపర్‌ని దాటుకుని వేశాడు, ఆ వీడియో దొరుకుతుంది, ఇవాళ ఇంటికెళ్ళి చూడండి. చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, రోజర్స్ ఆడేది ఎడమవైపు, అతని వెనక ఉండేది ట్రోలోప్. అంత ధైర్యంగా ముందుకి పోయే వింగర్‌కి వెనక ఒకడున్నాడన్న నమ్మకం ఉండాలి, వెనక్కి చూసుకుంటూ పరిగెత్తేవాడు అలాంటి గోల్ కొట్టలేడు.

ట్రోలోప్ 1980 దాకా ఆడి, ఒకే క్లబ్‌కి 770 లీగ్ మ్యాచ్‌లతో ఆపాడు. అంతకుముందు రికార్డు పోర్ట్స్‌మత్‌కి ఆడిన జిమ్మీ డికిన్సన్‌ది, 764. డికిన్సన్ తన చివరి మ్యాచ్ సరిగ్గా 40వ పుట్టినరోజున ఆడాడు. ట్రోలోప్ రికార్డు నలభై ఏళ్ళకు పైగా నిలిచింది. 2023–24 సీజన్ మధ్యలో, అంటే తనకి 39 ఏళ్ళప్పుడు, దాన్ని దాటినవాడు మన మూడో నంబరు. అన్ని పోటీలూ కలుపుకుంటే ఈ క్లబ్‌కి ఆయన ఆడినవి 900 దాటాయి.

డికిన్సన్, ట్రోలోప్, లూయింగ్టన్. ముగ్గురూ ఎడమవైపు ఆడినవాళ్ళే. నాకనిపించేదేంటంటే, ఎడమవైపు నమ్మకంగా ఆడేవాళ్ళు ఎప్పుడూ తక్కువే దొరుకుతారు, దొరికితే క్లబ్‌లు వదులుకోవు, కొత్త మేనేజర్ వచ్చి జట్టంతా మార్చినా ఆ ఒక్క చోటు అలాగే ఉంచుతాడు. ఇది నా ఊహే అనుకోండి.

ఇంకొక మనిషి పేరు చెప్పకుండా ఉండలేను. 2023 వేసవిలో ఇక్కడికి మేనేజర్‌గా వచ్చిన గ్రహమ్ అలెగ్జాండర్. నాలుగు నెలలే ఉన్నాడు, ఫలితాలు బాగోలేక పంపేశారు. కానీ ఆటగాడిగా ఆయన కూడా ఈ కోవకే చెందినవాడు, రైట్ బ్యాక్, స్కంథార్ప్, లూటన్, ప్రెస్టన్, బర్న్‌లీ, అన్నీ కలిపి వెయ్యికి పైగా మ్యాచ్‌లు. ప్రీమియర్ లీగ్‌లో మొదటిసారి ఆడేనాటికి ఆయన వయసు 37. 2012 ఏప్రిల్‌లో ప్రెస్టన్‌కి తన చివరి మ్యాచ్‌లో, ఆట ముగిసే క్షణాల్లో ఫ్రీ కిక్ నేరుగా గోల్‌లోకి కొట్టి మ్యాచ్ సమం చేసి వెళ్ళిపోయాడు. అలెగ్జాండర్ కోచ్‌గా, లూయింగ్టన్ ఆటగాడిగా ఒకే గదిలో కూర్చుంటే ఆ ఇద్దరి మధ్య ఎన్ని మంగళవారం రాత్రులు, ఎన్ని బస్సు ప్రయాణాలు ఉన్నాయో అని నేను అప్పట్లో తెగ ఆలోచించేవాణ్ణి.

లూయింగ్టన్ 2025 మేలో, సీజన్ చివర ఆట ఆపేశాడు. 41వ పుట్టినరోజు ఆ నెలలోనే. ఆ సీజన్ క్లబ్ లీగ్ టూలో 19వ స్థానంలో ఉంది. సినిమాల్లో అయితే చివర్లో కప్పు ఎత్తుతారు. ఈయనకి అది దొరకలేదు.

ఇంకో ప్రశ్న, పెద్ద క్లబ్‌కి ఎందుకు పోలేదు అని. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఆ ప్రశ్నలోనే నాకు కొంచెం అభ్యంతరముంది. పోనివాళ్ళందరూ పోలేకపోయినవాళ్ళే అనుకుంటాం మనం. మన ఇళ్ళల్లోనూ అంతే కదా, ఊళ్ళో ఉండి స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన బాబాయి గురించి ఒకలా మాట్లాడతాం, అమెరికా పోయిన బాబాయి గురించి ఇంకోలా మాట్లాడతాం. ఆ స్కూలు బాబాయి దగ్గర చదువుకునే మనం ఇక్కడిదాకా వచ్చాం.

మా అబ్బాయి ఆదివారాలు పదకొండేళ్ళ లోపు పిల్లల జట్టులో ఆడతాడు. వాణ్ణి లెఫ్ట్ బ్యాక్ ఆడమన్నారని మొదటి రోజు ఏడ్చాడు, గోల్స్ కొట్టడానికి ఉండదని. నేనేమీ వాదించలేదు. వారం తర్వాత వాణ్ణి స్టేడియంకి తీసుకెళ్ళి, నన్ను తీసుకెళ్ళిన పెద్దాయన కూర్చోపెట్టిన చోటికి దగ్గర్లోనే కూర్చోపెట్టి, ఆయన నాకు చెప్పిన మాటే చెప్పాను. అప్పటికి లూయింగ్టన్ ఇంకా ఆడుతున్నాడు. వాడు కాసేపు బంతి చూశాడు, చిప్స్ తిన్నాడు, తర్వాత నెమ్మదిగా అటు చూడటం మొదలెట్టాడు. హాఫ్ టైమ్‌కి అడిగాడు: నాన్నా, ఆయన మాటిమాటికీ వెనక్కెందుకు చూస్తున్నాడు? నీకేమనిపిస్తోంది అన్నాను. చెప్పలేదు. తర్వాతి ఆదివారం, బంతి అవతలి మూల ఉన్నప్పుడు, మా వాడు తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఒకసారి చూసి రెండడుగులు లోపలికి జరిగాడు. గీత అవతల నిలబడ్డ తల్లిదండ్రులెవరూ గమనించలేదు. నేను చూశాను.

సరే, భోజనాలు రెడీ అంటున్నారు. రావాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. మ్యాచ్ రోజున స్టేడియం దగ్గర కారు పెట్టుకోవడం కష్టం. రైల్లో వచ్చేవాళ్ళకి ఫెన్నీ స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్ దగ్గర, బ్లెచ్లీలో దిగితే ఇంకాస్త ఎక్కువ నడవాలి. చలికోటు తెచ్చుకోండి, ఆ పైకప్పు కింద గాలి బాగా కొడుతుంది. టికెట్లు నేను తీస్తాను, పేర్లు ఇవ్వండి. కూర్చునేది కింది వరసల్లో, గీతకి దగ్గరగా, ఎడమవైపు.